తెలుగు టెక్స్ట్ లైబ్రరీలో ఫైళ్ల పేర్ల మరమ్మతు: ప్రాజెక్టు డైరీ

రిపో (ప్రాజెక్టు కోడు, దాని మార్పుల చరిత్ర ఉండే చోటు) పరిస్థితి ఇదీ. తెలుగు టెక్స్ట్‌ను శుభ్రం చేసి పదాలుగా విడగొట్టే పైథాన్ లైబ్రరీ. వేగం కావాల్సిన చోట కాస్త సీ++ కోడు. పక్కన పదాల జాబితాలు, ఊళ్ల పేర్లు, హైదరాబాద్ బస్తీల పేర్లతో ఒక డేటా ఫోల్డర్. రాసేవాళ్లంతా ఈ ఊళ్లోనే ఉన్నా మెషిన్లు మాత్రం తలా ఒకటి: కాలేజీ పిల్లల దగ్గర విండోస్, గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ల దగ్గర మ్యాక్, టెస్టులు నడిచే సర్వర్‌లో లినక్స్. ఒకే పేరును ఈ మూడూ ఒకేలా చూడవు.

పని మొదలుపెట్టే ముందే ఒకటి తేల్చుకున్నాం. పేరు అందంగా లేదని మార్చేది లేదు. ఏదో ఒక మెషిన్‌లో విరుగుతుంటేనో, చదివేవాణ్ని తప్పుదారి పట్టిస్తుంటేనో మాత్రమే మారుస్తాం. నలుగురు వాడే లైబ్రరీలో ఫైలు పేరంటే అడ్రసు. మనం మార్చేస్తే వెతుక్కునేది అవతలివాళ్ల కోడు.

ఈ డైరీలో ఫైళ్ల పేర్లు, కమాండ్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాం. రిపోలో అవి ఇంగ్లీష్ లిపిలోనే ఉంటాయి.

క్యాపిటల్, స్మాల్ తగాదా

ముందు జాబితా తీయాలి. మార్పుల లెక్క ఉంచే టూల్ గిట్. అందులో ఫైళ్ల జాబితా ఇచ్చే ‘గిట్ ఎల్ఎస్-ఫైల్స్’కు ‘-జెడ్’ తగిలించడం మరవొద్దు. అది లేకపోతే ఇంగ్లీష్ కాని అక్షరాలున్న పేర్లను గిట్ కోట్స్‌లో పెట్టి, అంకెలుగా మార్చి ఇస్తుంది, స్క్రిప్టు అక్కడే బోల్తా కొడుతుంది. వచ్చిన పాత్‌లన్నిటినీ స్మాల్ లెటర్స్‌లోకి మార్చి, సార్ట్ చేసి, రెండుసార్లు వచ్చినవి మాత్రం చూపించమంటే సరి. ఫోల్డర్ల జాబితా కూడా విడిగా తీసి ఇదే పరీక్ష పెట్టాలి. ‘డేటా’ ఒకచోట క్యాపిటల్ డీతో, ఇంకోచోట స్మాల్ డీతో ఉండి, లోపలి ఫైళ్ల పేర్లు వేరువేరుగా ఉంటే మొదటి పరీక్షకు అది దొరకదు.

మాకు దొరికింది స్టాప్‌వర్డ్స్ (లెక్కలోకి తీసుకోకుండా వదిలేసే మామూలు పదాల) జాబితా. ఒకటి క్యాపిటల్ ఎస్‌తో, ఒకటి స్మాల్ ఎస్‌తో. లినక్స్‌కు ఇవి రెండు ఫైళ్లు. విండోస్‌లోని ఎన్‌టీఎఫ్ఎస్, మ్యాక్‌లోని ఏపీఎఫ్ఎస్ మామూలు సెట్టింగుల్లో పేరును ఇచ్చినట్టే దాచుకుంటాయి గానీ, వెతికేటప్పుడు క్యాపిటల్, స్మాల్ తేడా చూడవు. కాబట్టి అక్కడ క్లోన్ చేస్తే, అంటే రిపో కాపీ దింపుకుంటే, డిస్క్ మీద ఒక్క ఫైలే మిగులుతుంది. 2018లో వచ్చిన గిట్ 2.20 నుంచి ఈ ఢీకొట్టుడు గురించి హెచ్చరిక వస్తుంది, కానీ క్లోన్ చేసేటప్పుడు స్క్రీన్ మీద పారే లైన్లను చదివేదెవరు? ఏమీ ముట్టుకోకుండానే ‘గిట్ స్టేటస్’ ఒక ఫైలు మారిందని చూపిస్తూనే ఉంటుంది. విసుగొచ్చి, మార్పులన్నిటినీ ఒక్కసారే రిపోలో భద్రం చేసే ‘కమిట్ -ఏ’ కొడితే ఒకదాని సరుకు రెండోదాని మీద పడుతుంది. అప్పుడు రెండు పేర్ల కిందా ఒకటే జాబితా.

అందుకే ఇలాంటి జంటను లినక్స్‌లోనే విడదీయాలి. రెండిటికీ డిఫ్ తీసి, తేడా ఉన్న పదాలు కలిపి, స్మాల్ లెటర్స్ ఫైలు ఉంచి, రెండోది తీసేశాం. సాక్షాత్తూ లినక్స్ కెర్నెల్‌లోనే నెట్‌ఫిల్టర్ ఫోల్డర్‌లో ‘ఎక్స్‌టీ_డీఎస్‌సీపీ.సీ’ ఇలా రెండు రూపాల్లో ఉంది. కెర్నెల్‌ను విండోస్‌లో తెరిచే అవసరం ఎవరికీ పెద్దగా ఉండదు కాబట్టి వాళ్లకు నడుస్తుంది. తెలుగు లైబ్రరీకి ఆ సౌకర్యం లేదు.

మ్యాక్‌లో ఒక్క అక్షరాన్ని క్యాపిటల్ నుంచి స్మాల్‌కు మార్చాలంటే ఫైండర్‌లో మార్చి ప్రయోజనం లేదు, గిట్‌కు ఆ మార్పే కనపడదు. ‘గిట్ ఎంవీ’తోనే మార్చాలి. పాత వెర్షన్ అయితే రెండు అంగల్లో: ముందు వేరే తాత్కాలిక పేరుకు, అక్కడి నుంచి అసలు పేరుకు. ‘కోర్.ఇగ్నోర్‌కేస్’ అనే గిట్ సెట్టింగును ఫాల్స్ చేస్తే పని అయిపోతుందని చెప్పేవాళ్లుంటారు, వినొద్దు. డిస్క్ స్వభావం ఏమీ మారదు. పైగా ఒకే ఫైలు ఇండెక్స్‌లో (గిట్ ఉంచుకునే ఫైళ్ల పట్టికలో) రెండు పేర్లతో చేరుతుంది.

‘ఆక్స్’ ఫైలు

ఒక పుల్ రిక్వెస్ట్ (మార్పును రిపోలో కలపమని పంపే వినతి) కింద వచ్చిన కామెంటు: “అన్నా, క్లోన్ అయిందంటుంది, ఫోల్డర్‌ల ఏం లేదు. జర చూడరాదే.” స్క్రీన్ మీద వచ్చిన మెసేజీ సారాంశం: క్లోన్ అయింది గానీ చెకౌట్ (ఫైళ్లను ఫోల్డర్‌లోకి దింపడం) ఫెయిలైంది, పాత్ చెల్లదు.

డేటా ఫోల్డర్‌లో పదాలను వ్యాకరణ వర్గాల వారీగా విడగొట్టి పెట్టాం. అన్ని భాషలకూ ఒకే వ్యాకరణ వర్గాలు వాడే యూనివర్సల్ డిపెండెన్సీస్ పద్ధతిలో వర్గాలు 17, వర్గానికో ఫైలు: నౌన్, వర్బ్, అడ్వ్, ఇలా. అందులో సహాయక క్రియలది ‘ఆక్స్.టీఎక్స్‌టీ’. దాని ఇంగ్లీష్ స్పెల్లింగ్ ఏయూఎక్స్, అది డాస్ కాలం నాటి డివైజ్ పేరు. కాన్, పీఆర్ఎన్, ఏయూఎక్స్, ఎన్‌యూఎల్, కామ్1 నుంచి కామ్9, ఎల్‌పీటీ1 నుంచి ఎల్‌పీటీ9 వరకు ఉన్న పేర్లను విండోస్ ఫైళ్లకు ఇవ్వదు. వెనక ఎక్స్‌టెన్షన్ తగిలించినా లాభం లేదు. విండోస్ గిట్ ఆ ఒక్క ఫైలును వదిలేసి మిగతావి దింపదు, మొత్తం చెకౌట్‌నే ఆపేస్తుంది.

మార్పు తేలిక. 17 ఫైళ్లకూ ముందు ‘పీఓఎస్_’ చేర్చాం. ఒక్క ఆక్స్‌నే మారిస్తే సరిపోయేది, కానీ వర్గం పేరుతో ఫైలు తెరిచే కోడులో ఒక్కదానికి మినహాయింపు రాయడం కంటే అన్నిటికీ ఒకే ముందుమాట నయం.

మిగిలిపోయే చిక్కొకటి ఉంది. పాత కమిట్లలో (రిపోలో అంతకు ముందు భద్రం చేసిన రూపాల్లో) ఆ ఫైలు అలాగే ఉంటుంది. విండోస్‌లో పాత ట్యాగ్‌కు వెళ్లినా, తప్పు ఏ కమిట్‌లో మొదలైందో వెతికే ‘గిట్ బైసెక్ట్’ నడిపినా అక్కడ మళ్లీ ఆగుతుంది. చరిత్రను తిరగరాస్తే రిపోను ఫోర్క్ చేసి సొంత కాపీ పెట్టుకున్నవాళ్లందరి పని చెడుతుంది, ఆ జోలికి పోలేదు. పాత వెర్షన్ కావాల్సినవాళ్లు ‘కోర్.ప్రొటెక్ట్ఎన్‌టీఎఫ్ఎస్’ సెట్టింగును ఆ రిపోలో ఫాల్స్ చేసి, కొన్ని ఫైళ్లనే దింపుకునే ‘స్పార్స్-చెకౌట్’లో ఆ ఫైలును మినహాయించుకోవాలని కాంట్రిబ్యూటింగ్ ఫైల్లో నాలుగు లైన్లు రాశాం.

ఇదే ఊపులో మిగతా నిషిద్ధాలు కూడా చూశాం: కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం, డబుల్ కోట్, నిలువు గీత, కోణపు బ్రాకెట్లు, బ్యాక్‌స్లాష్. చివర చుక్క గానీ స్పేస్ గానీ ఉండకూడదు. లాగ్ ఫైళ్లలో 10:30 అని టైము పెట్టే అలవాటు దగ్గరే కోలన్ దూరుతుంది.

పైథాన్ మాడ్యూళ్లు

పైథాన్ రాత పద్ధతుల పత్రం పెప్ 8 చెప్పేది చిన్నమాటే: మాడ్యూల్ (పైథాన్ కోడు ఫైలు) పేరు పొట్టిగా, అంతా స్మాల్ లెటర్స్‌లో, అవసరమైతే అండర్‌స్కోర్‌తో. హైఫన్ ఉంటే ఇంపోర్ట్ స్టేట్‌మెంట్‌లో రాయలేం, పైథాన్‌కు అది తీసివేత గుర్తు. అయితే పైథాన్ ప్యాకేజీలు దింపుకునే పైపీఐ సైట్‌లో ప్యాకేజీ పేరు సంగతి వేరు. అక్కడ హైఫన్, అండర్‌స్కోర్, చుక్క మూడూ ఒకటే లెక్క. ఇన్‌స్టాల్ చేసే పేరులో హైఫన్, ఇంపోర్ట్ చేసే పేరులో అండర్‌స్కోర్ ఉండటం తప్పేమీ కాదు. కొత్తవాళ్లు తికమకపడతారని రీడ్‌మీలో రెండూ పక్కపక్కన చూపించాం.

అసలు తంటా ‘నంబర్స్.పీవై’, ‘క్యాలెండర్.పీవై’లతో. మొదటిదాంట్లో తెలుగు అంకెలు, రెండోదాంట్లో మాసాలు, తిథుల పేర్లు. రెండూ పైథాన్‌తో పాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీలో ఉన్న పేర్లే. ప్యాకేజీ లోపల ఉన్నంతసేపు గొడవ లేదు. కానీ ఎవరైనా ఆ ఫోల్డర్‌లోని స్క్రిప్టును నేరుగా నడిపితే పైథాన్ వెతుకులాట ఆ ఫోల్డర్ నుంచే మొదలవుతుంది. అప్పుడు ‘డెసిమల్’ మాడ్యూల్ తనకు కావాల్సిన ‘నంబర్స్’ కోసం వెళ్లి మా అంకెల ఫైలును పట్టుకొస్తుంది. తేదీలను చదివే ‘స్ట్రిప్‌టైమ్’ క్యాలెండర్ కోసం వెళ్లి తిథుల ఫైలు మీద పడుతుంది. ఎర్రర్ మాత్రం మన ఫైలుకు సంబంధం లేని ఏదో మాడ్యూల్‌లో కనపడుతుంది, అందుకే పట్టుకోవడం కష్టం. పైథాన్ 3.13లో ‘ఈ ఫైలు పేరు స్టాండర్డ్ లైబ్రరీ పేరే, మార్చి చూడండి’ అన్న సూచన వస్తుంది. అంతకు ముందు వెర్షన్లలో అదీ లేదు. స్క్రిప్టును ‘పైథాన్ -ఎం’తో మాడ్యూల్‌గా నడిపితే సమస్య రాదు, 3.11 నుంచి క్యాపిటల్ ‘-పీ’ ఆప్షన్ కూడా ఉంది. కానీ వాడేవాళ్లందరికీ ఇది గుర్తుండాలని కోరుకోవడం కంటే పేర్లు మార్చడం మేలు. ‘న్యూమరల్స్’, ‘పంచాంగం’ అని పెట్టాం.

ఇక్కడే ఒక మెలిక. మామూలుగా పేరు మార్చినప్పుడు పాత పేరుతో చిన్న ఫైలు ఉంచి, అది కొత్తదాన్ని ఇంపోర్ట్ చేసేలా రాస్తాం. ఈ రెండిటికీ అలా కుదరదు. పాత పేరుతో ఫైలు ఉన్నంతకాలం అడ్డం పడటమూ ఉంటుంది. కాబట్టి ఫైలు లేకుండా పాత పేరు బతకాలి. ప్యాకేజీ లోడ్ కాగానే నడిచే ఇనిట్ ఫైల్లో, లోడైన మాడ్యూళ్లను పైథాన్ రాసుకునే ‘సిస్.మాడ్యూల్స్’ పట్టికలో పాత పూర్తి పేరుకు కొత్త మాడ్యూల్‌ను కట్టి, ప్యాకేజీకి పాత పేరుతో యాట్రిబ్యూట్ కూడా ఇచ్చాం. పాత ఇంపోర్ట్‌లు రెండు రకాలుగానూ నడుస్తున్నాయి. పోగొట్టుకున్నది ఒకటే, పాత పేరు వాడినప్పుడు హెచ్చరిక ఇచ్చే వీలు లేదు. రిలీజ్ నోట్స్‌లో మొదటి పేరాలోనే రాశాం.

సీ++ వైపు

రిపో మొదట్లో ‘వెర్షన్’ అని అన్నీ క్యాపిటల్స్‌లో, ఎక్స్‌టెన్షన్ లేని ఫైలు. లోపల వెర్షన్ నంబరు ఒక్కటే. సీ++20 తెచ్చిన కొత్త హెడర్ (కోడు మొదట్లో చేర్చుకునే ఫైలు) పేరు కూడా ‘వెర్షన్’. బిల్డ్‌లో రిపో మూలాన్ని ఇన్‌క్లూడ్ పాత్‌గా ఇచ్చి ఉండటంతో, మ్యాక్‌లో కంపైలర్ ఆ హెడర్ కోసం వెతుకుతూ ఈ ఫైలును తెరిచింది. సీ++ కోడు మధ్యలో ఒక వెర్షన్ నంబరు తగిలితే వచ్చే ఎర్రర్లు చూసి దీన్ని ఊహించడం ఎవరి తరం కాదు. ‘వెర్షన్.టీఎక్స్‌టీ’ చేయగానే పోయింది. ఆర్డుయినో టైమ్ లైబ్రరీ హెడర్ ‘టైమ్‌లిబ్.హెచ్’ అయింది కూడా ఈ జాతి కారణంతోనే: విండోస్‌లో ‘టైమ్.హెచ్’ సిస్టమ్ హెడర్‌తో కలిసిపోయేది.

భాష కోడ్, రాష్ట్రం కోడ్

తెలుగుకు రెండక్షరాల కోడ్ టీఈ, మూడక్షరాలది టీఈఎల్. రిపోలో ఈ రెండూ ఉన్నాయి, పూర్తి ‘తెలుగు’ కూడా ఉంది, ఒకచోట టీఎల్ ఉంది. ఆ చివరిది టగాలోగ్ భాషది. ఆ ఫైలును భాష కోడ్ చూసి తీసుకునే ఏ టూలైనా ఫిలిప్పీన్స్‌కు పంపేస్తుంది. టీఎస్, టీజీ అని తెలంగాణ డేటా ఫైళ్లూ ఉన్నాయి. బండి నంబర్లలో టీఎస్ పోయి 2024లో టీజీ వచ్చింది కదా, పాత ఫైళ్లు పాత కోడ్‌తో, కొత్తవి కొత్తదాంతో మిగిలాయి. పైగా భాష కోడ్‌గా చదివితే టీజీ అంటే తజిక్. రాష్ట్రం పేరును పూర్తిగా రాస్తే ఈ గోల ఉండదు.

భాషకు టీఈనే ఖాయం చేశాం. ప్రాంతం కూడా చెప్పాల్సి వస్తే అండర్‌స్కోర్‌తో టీఈ_ఐఎన్. వెబ్ వైపు హైఫన్ వాడతారు, ఆండ్రాయిడ్‌లో ‘వాల్యూస్-టీఈ-ఆర్ఐఎన్’ అంటారు, బహుభాషా డేటాసెట్ ఫ్లోరెస్-200లో భాషతో పాటు లిపి కూడా చేర్చి ‘టీఈఎల్_టీఈఎల్‌యూ’ అని ఉంటుంది. బయటి డేటాను తెచ్చుకునేటప్పుడు వాళ్ల పేరును మార్చకుండా ‘థర్డ్_పార్టీ’ ఫోల్డర్‌లో పెడుతున్నాం. పేరు మారిస్తే రేపు అసలుతో పోల్చి చూసుకోవడానికి దారి ఉండదు.

తెలుగు లిపిలో ఫైలు పేర్లు

ఎక్కువ చర్చ జరిగింది దీని మీదే. తెలుగు లైబ్రరీలో ఫైలు పేరు తెలుగులో ఉంటే తప్పేంటని అడిగారు. తప్పేం లేదు, కానీ ఏమవుతుందో చూద్దాం. ‘హైదరాబాద్’ అనే పేరునే తీసుకోండి.

యూనికోడ్‌లో ఇది 9 గుర్తులు: హ, ఐత్వం, ద, ర, దీర్ఘం, బ, దీర్ఘం, ద, పొల్లు. యూటీఎఫ్-8లో గుర్తుకు 3 బైట్లు, మొత్తం 27. లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ట్4లో ఫైలు పేరుకు పరిమితి 255 అక్షరాలు కాదు, 255 బైట్లు. అంటే తెలుగులో 85 గుర్తులకు మించి పట్టవు. వాక్యాల శీర్షికలను ఫైలు పేర్లు చేస్తే ఇది తగులుతుంది. గిట్ లాగ్‌లో ఈ పేరు ‘\340\260\271’ అంటూ మొదలవుతుంది, అది ‘హ’. ‘కోర్.కోట్‌పాత్’ సెట్టింగును ఫాల్స్ చేస్తే తెలుగులో కనపడుతుంది. ఇదొక్కటే అయితే సర్దుకోవచ్చు.

ఐత్వం దగ్గర అసలు ముడి ఉంది. తెలుగు బ్లాక్‌లో రెండు ముక్కలుగా విడిపోయే గుర్తు ఇదొక్కటే. యూనికోడ్ నంబరు 0సీ48 అనే ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం 0సీ46 తర్వాత 0సీ56 పెట్టి రెండుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకటే. బైట్లు మాత్రం 27 బదులు 30. మ్యాక్ పాత ఫైల్‌సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను విడదీసి దాచేది. ఆ డిస్క్ నుంచి వచ్చిన ఫైళ్లు లినక్స్‌కు చేరితే ఒకే ఫోల్డర్‌లో రెండు ‘హైదరాబాద్’లు కనపడతాయి, టైప్ చేసి తెరిస్తే ఒకటే తెరుచుకుంటుంది. మ్యాక్ గిట్‌లో ‘కోర్.ప్రీకంపోజ్‌యూనికోడ్’ సెట్టింగు ఉన్నది దీనికే. పైథాన్‌లో ‘యూనికోడ్‌డేటా.నార్మలైజ్’కు ఎన్ఎఫ్‌సీ (ముక్కలను కలిపి రాసే రూపం) అని ఇస్తే రెండూ ఒకటవుతాయి.

నార్మలైజ్‌కు లొంగనిది ఇంకొకటి: జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘కూకట్‌పల్లి’లో ట్ కింద ప వత్తుగా దిగకుండా ఆపేది అదే, అక్కడ అది ఉండాల్సిందే. పదం చివర ఉంటే కంటికి కనపడదు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత దాన్ని వాటంతటవే పెడతాయి. చివర అది ఉన్న ‘మియాపూర్‌’, లేని ‘మియాపూర్’ చూడటానికి కవలలు, డిస్క్‌కు వేరువేరు ఫైళ్లు. ఎన్ఎఫ్‌సీ దీన్ని తీయదు. గిట్ చూపించే అంకెల్లో ‘\342\200\214’ కనపడితే అదే ఇది. ఇంతకు ముందు తిట్టుకున్న కోట్‌పాత్ ఇక్కడ అక్కరకొచ్చింది.

నిర్ణయం: ఫైలు పేర్లు ఇంగ్లీష్ స్మాల్ లెటర్స్, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. తెలుగు పేరు ‘మ్యానిఫెస్ట్.సీఎస్‌వీ’లో, ఫైలుకో వరుస: ఫైలు పేరు, తెలుగు పేరు, వాడుకలో ఉన్న ఇతర స్పెల్లింగులు.

అయితే తెలుగును ఇంగ్లీష్ అక్షరాల్లో ఎలా రాయాలి? ‘విభక్తి’కి చివర టీ ఒక్కటేనా, టీహెచ్ పెట్టాలా? మనవాళ్లు కవితకు కూడా టీహెచ్ పెడతారు. కూకట్‌పల్లి చివర ఐ అనేవాళ్లున్నారు, వై అనేవాళ్లున్నారు, బోర్డులూ రెండు రకాలుగా ఉన్నాయి. వాదన తెగదు కాబట్టి మెషిన్‌కే అప్పగించాం. త, ట రెండిటికీ టీ, థ, ఠలకు టీహెచ్, ల, ళ రెండూ ఎల్, దీర్ఘాలకు అక్షరం రెట్టించడం లేదు. ఈ పట్టిక ప్రకారం ‘పాట’, ‘పాత’ ఒకటే అయిపోతాయి. అలాంటి చోట స్క్రిప్టు ఆగి అడుగుతుంది, మనిషి చివర _2 చేరుస్తాడు. ఉచ్చారణ తెలియాల్సినవాళ్లు మ్యానిఫెస్ట్ చూస్తారు. ఫైలు పేరు పట్టుకోవడానికి పిడి మాత్రమే.

టెస్టులు

టెస్టులు నడిపే పైటెస్ట్ ‘టెస్ట్_’తో మొదలయ్యే ఫైళ్లనూ, ‘_టెస్ట్’తో ముగిసేవాటినీ తీసుకుంటుంది. ‘టెస్ట్స్_క్లీన్’ అని ఎస్ చేర్చిన ఫైలును చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది, అన్నీ పాసైనట్టే కనపడుతుంది. రెండు ఫోల్డర్లలో ఒకే పేరుతో టెస్ట్ ఫైలు ఉండి, ఇనిట్ ఫైళ్లు లేకపోతే ‘ఇంపోర్ట్ ఫైల్ మిస్‌మ్యాచ్’ అంటుంది. ఇనిట్ ఫైళ్లు చేర్చాం.

మార్చే క్రమం

గిట్ పేరు మార్పును ఎక్కడా రాసుకోదు. పాత ఫైలూ కొత్త ఫైలూ 50 శాతం పైగా పోలితే మార్చినట్టని అప్పటికప్పుడు ఊహిస్తుంది. కాబట్టి పేరు మార్చే కమిట్‌లో లోపలి లైన్లు ముట్టుకోకూడదు. ఇంపోర్ట్ లైన్లు సరిచేసేది రెండో కమిట్. మధ్యలో ఒక కమిట్ దగ్గర బిల్డ్ విరుగుతుంది నిజమే, అయినా చిన్న ఫైళ్లలో చరిత్ర తెగిపోవడం కంటే అదే నయం. ఈ రెండు కమిట్లనూ స్క్వాష్ చేసి (ఒక్కటిగా నొక్కేసి) మెర్జ్ చేస్తే చేసిందంతా వృథా, ఆ పుల్ రిక్వెస్ట్‌కు మామూలు మెర్జ్ వాడాలి. తెరిచి ఉన్న మిగతా పుల్ రిక్వెస్టులు ముందు తేల్చేయాలి.

మామూలు మాడ్యూళ్లకు పాత పేరుతో చిన్న ఫైలు ఉంచాం. అందులో ‘డెప్రికేషన్‌వార్నింగ్’ (ఈ పేరు త్వరలో పోతుందన్న హెచ్చరిక), స్టాక్‌లెవెల్ 2, అప్పుడే హెచ్చరిక వాడినవాళ్ల లైనును చూపిస్తుంది. పైథాన్ దీన్ని చాలాచోట్ల దాచేస్తుంది, పైటెస్ట్‌లో మాత్రం కనపడుతుంది. పికిల్ ఫైళ్లు (పైథాన్ ఆబ్జెక్టులను డిస్క్ మీద భద్రం చేసేవి) దాచుకున్నవాళ్లు జాగ్రత్త: పికిల్‌లో క్లాస్‌తో పాటు మాడ్యూల్ పూర్తి పేరు రాసి ఉంటుంది. పాత పేరు తీసేసిన రోజున ఆ ఫైళ్లు తెరుచుకోవు. పాత పేరు బతికుండగానే ఒకసారి లోడ్ చేసి మళ్లీ సేవ్ చేస్తే కొత్త పేరు ఎక్కుతుంది.

వీల్ ఫైలు (ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీ) తయారయ్యాక జిప్‌లా తెరిచి లోపల డేటా ఫైళ్లున్నాయా అని చూడాలి. ఎక్స్‌టెన్షన్ క్యాపిటల్స్‌లో ఉన్న రెండు జాబితాలు ‘*.టీఎక్స్‌టీ’ అన్న నమూనాకు లినక్స్‌లో తగల్లేదు, ప్యాకేజీలోకి రాలేదు. రిపో నుంచి నడిపితే అన్నీ దొరుకుతాయి కాబట్టి ఇది ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లకే తెలుస్తుంది.

కాపలా

నియమాలు రాసి పెడితే ఎవరూ చదవరు, మెషిన్ ఆపాలి. కమిట్‌కు ముందు పరీక్షలు నడిపే ప్రీ-కమిట్‌లో ‘చెక్-కేస్-కాన్‌ఫ్లిక్ట్’, ‘చెక్-ఇల్లీగల్-విండోస్-నేమ్స్’ పెట్టాం. పైథాన్ కోడులో తప్పులు పట్టే రఫ్‌లో ఎన్999 అనే నియమం మాడ్యూల్ పేరు రూపం చూస్తుంది, ఏ005 స్టాండర్డ్ లైబ్రరీ పేర్లను పట్టుకుంటుంది. అక్షరాల నియమం, పాత్ పొడవు మా చిన్న స్క్రిప్టు చూస్తుంది. విండోస్‌లో మొత్తం పాత్‌కు పాత హద్దు 260 అక్షరాలు, యూజర్ ఫోల్డర్‌కు చోటు వదలాలి కాబట్టి రిపో లోపలి పాత్ 120 దాటకూడదన్నాం. రీడ్‌మీ, లైసెన్స్, కాంట్రిబ్యూటింగ్, మేక్‌ఫైల్ మినహాయింపు, వాటిని ఆ రూపంలోనే అందరూ వెతుకుతారు. వీటన్నిటికీ తోడు, ప్రతి మార్పుకూ సర్వర్‌లో పరీక్షలు నడిపే సీఐలో ఒక విండోస్ జాబ్. అది టెస్టులేమీ నడపదు, రిపోను చెకౌట్ చేసి ‘గిట్ స్టేటస్’ ఖాళీగా ఉందా లేదా అని చూస్తుంది, అంతే.

మిగిలినవి

ఈ లైబ్రరీని గో భాష నుంచి వాడుకోవడానికి రాసిన గో బైండింగ్ పక్క ఫోల్డర్‌లో ఉంది. జావాస్క్రిప్ట్ పద్ధతి లిప్యంతరీకరణ కోసం రాసిన ‘ట్రాన్స్‌లిట్_జేఎస్.గో’ ఎక్కడా కంపైల్ కావడం లేదు. గోలో ఫైలు పేరు చివర ‘_విండోస్’, ‘_లినక్స్’, ‘_ఆర్మ్’ లాంటివి వస్తే ఆ సిస్టమ్‌కు మాత్రమే బిల్డ్ అవుతుంది, ‘_జేఎస్’ కూడా ఆ జాబితాలోదే. ఫైలు తనంతట తాను రిజిస్టర్ చేసుకునే రకం కాబట్టి ఎర్రర్ కూడా రాలేదు, ఆ పద్ధతి జాబితాలో లేకుండా పోయిందంతే. ‘ట్రాన్స్‌లిట్_జావాస్క్రిప్ట్.గో’గా మారుస్తూ పుల్ రిక్వెస్ట్ తెరిచి ఉంది. పాత పేర్ల ఫైళ్లను 2.0లో తీసేస్తాం. ‘సిస్.మాడ్యూల్స్’ కట్టు మాత్రం హెచ్చరిక లేనిది కాబట్టి ఇంకో వెర్షన్ ఉంచాలా అన్నది ఇంకా తేలలేదు.